సినిమా హీరోని చూసి ఆకర్షణ నేర్చుకోవచ్చా? బెంగళూరు తెలుగు కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లిలో ఆదివారం సాయంత్రాలు కొంతమందిమి కూడి తెలుగు నాటకాలు చదువుకుంటాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పీజీల్లో ఉండే కుర్రాళ్లు. ఒంగోలు, కడప, కరీంనగర్, శ్రీకాకుళం, అన్ని వైపుల వాళ్లూ ఉంటారు. నాటకం అయ్యాక టీ కొట్టు దగ్గర మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకచోటికే చేరుతుంది: "అన్నా, తెరమీద హీరో చేస్తే అమ్మాయి పడిపోతుంది. అదే మేం చేస్తే మొహం తిప్పుకుంటుంది. ఎందుకు?" కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఇవే సందేహాలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## సినిమా చూసేటప్పుడు

అన్నా, ఈ చార్మ్ అనేది నేర్చుకుంటే వస్తుందా, పుట్టుకతోనే రావాలా?

వస్తుంది. దానికి సాక్ష్యం ఈ ఊళ్లోనే ఉంది. రజనీకాంత్ 1973లో మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరడానికి ముందు ఇక్కడ సిటీ బస్సు కండక్టరు. టికెట్లు చింపి ఇవ్వడంలో, చిల్లర తిప్పి ఇవ్వడంలో అప్పుడే ఒక వేగం, ఒక ఒడుపు ఉండేవని చెబుతుంటారు. రోజంతా వందలమంది ముందు ఒకే పని చేస్తూ, దాన్ని చూడముచ్చటగా చేయడం అలవాటు చేసుకున్నాడు. తర్వాత మనం 'స్టైల్' అన్నది ఆ అలవాటుకు కొనసాగింపే.

అక్కినేని నాగేశ్వరరావుగారి సంగతి చూడండి. గుడివాడ దగ్గర పల్లెటూరి పిల్లాడు. పెద్ద చదువు లేదు. సినిమాల్లోకి రాకముందు నాటకాల్లో ఆడవేషాలు వేశాడు. చీర కట్టుకుని వేదిక మీద నడిచినవాడికి ఎదుటి నటి ఎంత దూరంలో నిలబడితే ఇబ్బంది పడదో ఒంటికే తెలిసిపోతుందని నా నమ్మకం. ప్రేమ సన్నివేశాల్లో ఆయన మీదపడినట్టు కనిపించకపోవడానికి కారణం అదేననుకుంటాను. హాలీవుడ్‌లో నాజూకుతనానికి మారుపేరైన క్యారీ గ్రాంట్ కూడా అంతే. అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పేద ఇంట్లో పుట్టి, కుర్రతనంలోనే వేదిక మీద పల్టీలు, ఒంటి విన్యాసాలు చేసే బృందంలో చేరాడు. ఆ ఒంటి తీరు అక్కడ పడింది. ముగ్గురికీ అది సాధనతోనే వచ్చింది.

హీరో చెప్పిన డైలాగే నేనూ చెప్పాను. నాకెందుకు పేలలేదు?

ఆ డైలాగు రాయడానికి ఒక రచయిత కొన్ని వారాలు కూర్చున్నాడు. కింద సంగీతం ఉంది. నచ్చకపోతే ఇంకో టేకు ఉంది. ఒక్కోసారి గొంతు కూడా ఆ మనిషిది కాదు. తెలుగులో కమల్ హాసన్‌కు చాలా సినిమాల్లో మాట బాలసుబ్రహ్మణ్యంగారిది, రాజశేఖర్‌కు సాయికుమార్‌ది. మనం మనసు పారేసుకున్నది ఒకరి చూపుకూ మరొకరి గొంతుకూ కలిపి.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. హీరో డైలాగు చెప్పాక హీరోయిన్ నవ్వాలని కూడా స్క్రిప్టులో రాసి ఉంటుంది. మీ ఎదురుగా ఉన్న అమ్మాయికి ఎవరూ స్క్రిప్టు ఇవ్వలేదు. ఆమె ఆ ఉదయం సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని వచ్చి ఉండవచ్చు.

మరి హీరోలో ఏం చూడాలి?

ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు అతను ఏం చేస్తున్నాడో చూడండి. అతను మాట్లాడేటప్పుడు అందరం చూస్తాం, అక్కడ నేర్చుకునేది తక్కువ. మా ఆదివారం బృందంలో ఒక పద్ధతి పాటిస్తాం. మీకు నచ్చిన ప్రేమ సన్నివేశం ఫోన్లో పెట్టి శబ్దం పూర్తిగా తీసేయండి. మొదటిసారి అతని కళ్లు చూడండి. రెండోసారి చేతులు. మూడోసారి ఇద్దరి మధ్య దూరం.

'పెళ్లిచూపులు' (2016) ఇందుకు మంచి పాఠం. పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయీ ఆ అమ్మాయీ తలుపు బిగుసుకుపోయి గదిలో చిక్కుకుంటారు. వేరే పని లేక ఒకరి గతం ఒకరికి చెప్పుకుంటారు. హీరో అక్కడ గొప్ప మాట ఒక్కటీ అనడు. పరీక్షలు తప్పిన సంగతి దాచుకోడు, ఆమె చెప్పేది వింటాడు. మాతో కూర్చుని శబ్దం లేకుండా ఆ సన్నివేశం చూసిన ఒక కుర్రాడు, "అన్నా, వీడు ఏం చేయట్లేదుగా!" అన్నాడు. అవును, ఏమీ చేయకుండా ఒక మనిషి ముందు నెమ్మదిగా కూర్చోవడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించి చూడండి. చేయి ఫోన్ కోసం వెళ్తుంది, కాలు ఊగుతుంది, ఆమె వాక్యం సగంలో ఉండగానే మన జవాబు నోటిదాకా వచ్చేస్తుంది.

పాత సినిమాలు చూడమంటారు. ఒక్కటి చెప్పండి చాలు.

'మిస్సమ్మ' (1955). ఎన్టీఆర్ చేసిన బాలు, సావిత్రి చేసిన మేరీ ఇద్దరూ నిరుద్యోగులు. ఉద్యోగం కోసం భార్యాభర్తల్లా నటిస్తారు. మేరీకి ముక్కుమీద కోపం, మతం వేరు, ఈ అబద్ధం ఆమెకు ముళ్లమీద ఉన్నట్టుంటుంది. బాలు ఆ కోపాన్ని అవమానంగా తీసుకోడు. ఆమె గీసిన గీత దాటడు. సరదాగా మాట తప్పించి, నలుగురిలో ఆమె పరువు కాపాడుతూ వస్తాడు. తర్వాతి రోజుల్లో గద పట్టిన ఎన్టీఆర్‌ని మాత్రమే చూసినవాళ్లకు ఈ మెత్తదనం ఆశ్చర్యంగా ఉంటుంది. నాకు తెలిసి తెలుగు తెరమీద ఇంతకన్నా ఆకర్షణీయమైన ఓర్పు లేదు.

అర్జున్ రెడ్డిలాంటి మొండివాడే అమ్మాయిలకు నచ్చుతాడని మా రూమ్మేట్లంతా అంటారు. నిజమేనా?

2017లో ఆ సినిమా వచ్చినప్పటి నుంచీ ఈ ప్రశ్న ఆగలేదు. విజయ్ దేవరకొండ నటనలో పట్టు ఉంది, కాదనను. ఆ పాత్ర మనల్ని లాగేది దేనివల్లో విడదీసి చూడండి. అతనికి తన పని బాగా వచ్చు, మంచి సర్జన్. మనసులో ఉన్నది దాచడు. స్నేహితుడు అతన్ని వదలడు. ఇవి నిజంగానే ఆకర్షించే గుణాలు.

ఇక అమ్మాయితో మొదట్లో అతను చేసింది చూడండి. ఆమె తనదని కాలేజీలో ముందే చాటింపు వేస్తాడు, అడగకుండా బుగ్గమీద ముద్దు పెడతాడు. ఆమె అప్పటికి ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనాన్ని ఇష్టంగా చూపించింది సినిమా. మా బృందానికి వచ్చే అమ్మాయిలు ఈ సన్నివేశం గురించి చెప్పింది మీరు వినాలి: "ఆ వయసులో మా కాలేజీలో ఒక సీనియర్ అలా వస్తే మేమూ మాట్లాడేవాళ్లం కాదు. భయంతో." మీ రూమ్మేట్లు థియేటర్లో విన్న ఈలలు ఎక్కువగా మగవాళ్లవే.

## అద్దం ముందు

హీరోలా నడవాలంటే?

హీరో ఎంట్రీ నడకను ఎక్కువ ఫ్రేములతో తీస్తారు. సెకనుకు 48 ఫ్రేములు తీసి మామూలు 24 ఫ్రేముల వేగంతో చూపిస్తే నడక సగానికి సగం నెమ్మదిస్తుంది. దాన్ని ఆఫీసు కారిడార్లో అనుకరిస్తే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. తల దించుకుని ఫోన్ చూస్తూ నడవడం మానేయండి, అది చాలు.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

ఒంటికి సరిపోయేవి, ఉతికినవి, మీరు మర్చిపోగలిగేవి. 1962లో తొలి బాండ్ సినిమాకు ముందు దర్శకుడు టెరెన్స్ యంగ్ షాన్ కానరీని తన దర్జీ దగ్గరికి తీసుకెళ్లి సూట్లు కుట్టించి, వాటితోనే నిద్రపొమ్మన్నాడని చెబుతారు. సూటు ఒంటిమీద ఉన్న సంగతి అతనికే గుర్తుండకూడదని. కొత్త చొక్కా కాలరు పది నిమిషాలకోసారి సర్దుకుంటున్నారంటే అది ఎంత ఖరీదైనదైనా ఆ రోజుకు పనికిరాదు. ముందురోజు ఇంట్లో నాలుగు గంటలు వేసుకుని తిరగండి.

నా గొంతు సన్నం. అది మార్చుకోవచ్చా?

గొంతు మార్చే పని పెట్టుకోకండి, వేగం తగ్గించండి. మనవాళ్లు కంగారుపడితే వాక్యం చివరి మాట మింగేస్తారు. రోజూ పేపర్లో ఒక వార్త పైకి చదివి ఫోన్లో రికార్డు చేయండి. వింటూ, ఎక్కడెక్కడ చివరి అక్షరం మాయమైందో గుర్తుపెట్టండి. రెండు వారాల్లో తేడా మీకే వినిపిస్తుంది. అవకాశముంటే జేపీ నగర్‌లోని రంగశంకరకు వెళ్లి ఏ భాష నాటకమైనా చూడండి. కన్నడ రాకపోయినా పర్వాలేదు. మైకు, క్లోజప్పు ఏవీ లేకుండా ఒక మనిషి మిమ్మల్ని ఎలా కట్టిపడేస్తాడో అక్కడ తెలుస్తుంది.

పొట్టిగా ఉంటాను, నలుపు, ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. నాకు ఇవన్నీ పనిచేస్తాయా?

ఈ ప్రశ్న ఎవరూ అందరిలో అడగరు. టీ అయ్యాక ఒంటరిగా వచ్చి, చూపు దించుకుని అడుగుతారు. నాకు ప్రతిసారీ గుండె పిండినట్టవుతుంది.

మారతహళ్లి వంతెన అవతల ఒక ఆంధ్రా మెస్సులో వడ్డించే పెద్దాయన ఉన్నాడు. యాభై ఏళ్లు దాటాయి, పొట్టివాడు, జుట్టు పలచబడింది. సోమవారం మధ్యాహ్నం ఆ మెస్సులో నిలబడటానికి చోటుండదు. ఆయన పప్పు గిన్నెతో వచ్చి, "నిన్న రాలేదేం బాబూ, జొరం తగ్గిందా?" అంటాడు. అలా అన్నప్పుడు గరిటె ఆగుతుంది. ఒక్క క్షణమే. మీ జవాబు విన్నాక గానీ వడ్డించడు. ఆయన వరసలో కూర్చోవడానికి జనం పక్క బల్ల ఖాళీ అయినా ఆగుతారు. అమ్మాయిలు, అబ్బాయిలు, కుటుంబాలు, అందరూ. ఆ ఆగిన గరిటెలో ఉన్నదే నేను ఇన్నేళ్లుగా కుర్రాళ్లకు చూపించాలనుకుంటున్నది. దానికి ఎత్తూ రంగూ అక్కర్లేదు, ఇంగ్లీషు అసలే అక్కర్లేదు.

## మాట కలిపేటప్పుడు

ఫస్ట్ ఏం మాట్లాడాలి అన్నా? బ్లాంక్ అయిపోతాను.

ఇద్దరికీ కళ్లెదుట ఉన్నదాని గురించి మాట్లాడండి. చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణంలో ఉంటే ఆమె చేతిలోని పుస్తకం గురించి, స్నేహితుల ఇంట్లో భోజనాలైతే గోంగూర గురించి. ఒక్క మాట అని ఆగండి. ఆమె పొడిగిస్తే కొనసాగుతుంది. ఒక్క ముక్కలో జవాబిచ్చి పుస్తకంలోకి వెళ్లిపోతే చిన్న నవ్వు నవ్వి పక్కకు తప్పుకోండి. అలా హుందాగా తప్పుకున్నవాణ్ణి రెండోసారి చూసినప్పుడు ఆమెకు భయం ఉండదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనిషినీ, రాత్రిపూట ఒంటరిగా నడుస్తున్న మనిషినీ మాత్రం పలకరించకండి.

పులిహోర కలపడానికీ నిజంగా మెచ్చుకోవడానికీ తేడా ఏంటి?

అదే మాట ఇంకో అమ్మాయికి కూడా అతుకుతుందంటే అది పులిహోరే. "మీ కళ్లు బాగున్నాయి" ఎవరికైనా చెప్పొచ్చు. "మీటింగులో ఆయన మాట అడ్డుకున్నా మీరు మళ్లీ మొదటినుంచి చెప్పారు, నాకు నచ్చింది" అనేది ఒక్క మనిషికే, ఒక్క రోజుకే చెల్లుతుంది. అది చెప్పాలంటే ముందు చూసి ఉండాలి. చెప్పాక జవాబు కోసం నిలబడకుండా పని చూసుకోండి.

'మీరు' అనాలా, 'నువ్వు' అనాలా?

మన సినిమాల్లో హీరో రెండో రీలుకే 'నువ్వు'లోకి, పాట అవగానే 'ఏమే'లోకి దిగిపోతాడు. జీవితంలో ఈ మెట్టు చాలా విలువైనది, అంత తొందరగా దుబారా చేయకండి. మన భాషలో 'మీరు' నుంచి 'నువ్వు'కు రావడమే ఒక చిన్న ప్రేమకథ. ఆ గడప దాటే హక్కు ఆమెకు వదిలేయండి. ఒకరోజు ఆమే "ఇంకా మీరేంటి?" అంటుంది. లేదా మాటల్లో 'నువ్వు' జారి నాలుక కరుచుకుంటుంది. ఆ క్షణం కోసం నెల ఆగినా తప్పులేదు. గోదావరి జిల్లాలవాళ్లయితే 'అండీ' ఎలాగూ పోదు, పెళ్లయ్యాక కూడా వినడానికి బాగుంటుంది.

అమ్మాయి కన్నడిగ. మన హీరోల పద్ధతి అక్కడ పనిచేస్తుందా?

మనం ఇక్కడికి బతకడానికి వచ్చాం. ఈ ఊళ్లో నాలుగేళ్లుండి కన్నడం ఒక్క ముక్క రాకపోతే ఏ స్టైలూ దాన్ని కప్పిపుచ్చదు. ఆమెతో మాట్లాడటానికని నేర్చుకోకండి. వాచ్‌మన్‌తో, ఆటో అన్నతో, కూరగాయల ఆవిడతో మాట్లాడండి. "ఊట ఆయ్తా?" అంటే భోజనం అయిందా అని, అక్కడ మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: కన్నడంలో 'నీవు' మర్యాద, 'నీను' చనువు. మనకు 'నీవు' చనువు కాబట్టి చెవికి తేడాగా తగిలి, మనవాళ్లు భయపడి రెండూ మానేస్తుంటారు. మానేయకండి. తప్పు మాట్లాడినా, ప్రయత్నించేవాళ్లను ఈ ఊరు ఆదరిస్తుంది.

చాట్‌లో ఎంతసేపటికి రిప్లై ఇవ్వాలి? వెంటనే ఇస్తే చులకనవుతామా?

చూసినప్పుడు ఇవ్వండి. గంటలు లెక్కపెట్టి ఆటలాడకండి.

## ఆఫీసులో, 'వద్దు' అన్నప్పుడు

ఒకే టీమ్. చెప్పొచ్చా?

ఆమె జీతం, రేటింగు, సెలవు మీ చేతిలో ఉంటే చెప్పకండి. ఆమె 'కాదు' అనడానికి స్వేచ్ఛ లేనిచోట అడగడమే అన్యాయం. సమాన స్థాయిలో ఉంటే ఆఫీసు బయట, పగటిపూట, ఒక్కసారి, సూటిగా కాఫీకి పిలవవచ్చు. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఆ చట్టం చూసేది ఎదుటి మనిషికి అది ఇష్టం లేనిదా కాదా అని. మీరు సరదాకి అన్నారన్నది అక్కడ నిలవదు.

నవ్వుతూ మాట్లాడుతుంది. ఇష్టమున్నట్టే కదా?

కాకపోవచ్చు. ఆడపిల్లలకు చిన్నప్పటినుంచీ నవ్వుతూ తప్పించుకోవడం నేర్పుతారు. మాట ఆమె కూడా మొదలుపెడుతోందా, మిమ్మల్ని ఏమైనా అడుగుతోందా, కలవడం కుదరనప్పుడు తనే ఇంకో రోజు చెబుతోందా చూడండి. ఈ మూడూ లేకుండా నవ్వు ఒక్కటే ఉంటే అది మర్యాద.

వద్దంది. కానీ సినిమాల్లో హీరో పట్టు వదలకుండా వెంటపడే కదా ఒప్పించాడు?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నానని అనుకున్నా తప్పులేదు.

ఆసక్తి లేదని స్పష్టంగా తెలిపాక కూడా ఒక స్త్రీని పదేపదే వెంబడించడం, కలవాలని ప్రయత్నించడం, ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో కాపుకాయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. మన సినిమాల్లో సగం ప్రేమకథల మొదటి సగం ఈ నిర్వచనంలోకి వస్తుంది.

చట్టం పక్కన పెట్టి నా సంగతి చెబుతాను. ఇరవై నాలుగేళ్లప్పుడు ఇదే ఊళ్లో నేను పనిచేసిన ఆఫీసులో ఒక అమ్మాయి అంటే ఇష్టం ఉండేది. చెప్పాను. వద్దంది. అప్పట్లో చూసిన హీరోలంతా 'వద్దు'ను మొదటి మెట్టుగానే చూపించారు, నేనూ అలాగే అనుకున్నాను. రోజూ ఉదయం ఒక మెసేజ్. ఆమె క్యాబ్ వచ్చే చోట టీ తాగడం. మాట్లాడేవాణ్ణి కాదు కాబట్టి ఇబ్బంది పెట్టట్లేదనుకున్నాను. ఐదు వారాల తర్వాత ఆమె ఆ క్యాబ్‌లో రావడం మానేసింది. ఉదయం ఆరింటి షిఫ్టు అడిగి తీసుకుందని, నన్ను తప్పించుకోవడానికేనని ఆమె స్నేహితురాలు చెప్పింది. చలికాలం, చీకట్లో, ఒక్కతే. నేను ప్రేమ అనుకున్నది ఆమెను నిద్రలోంచి లేపి చీకట్లోకి పంపింది. క్షమించమని అడగడానికి కూడా మళ్లీ ఎదురుపడటం తప్పని అర్థమై ఊరుకున్నాను. ఇప్పటికి ఇరవై ఏళ్లు. ఆ క్యాబ్ ఆగే చోటు మీదుగా వెళ్లినప్పుడల్లా తల వంగిపోతుంది.

వద్దంటే ఆగండి. మెసేజ్ ఆపండి, ఆమె దారి నుంచి తప్పుకోండి, ఉమ్మడి స్నేహితులతో రాయబారాలు నడపకండి.

ఆగాను. కానీ తట్టుకోలేకపోతున్నాను.

బాధగానే ఉంటుంది. గదిలో ఒంటరిగా విరహ గీతాలు పెట్టుకుని తాగకండి. దేవదాసును అక్కడ అనుకరించినవాళ్లను చాలామందిని చూశాను. ఒక స్నేహితుడికి చెప్పి పక్కన పడుకోమనండి. ఆదివారం కబ్బన్ పార్కులో వాహనాలుండవు, రెండు గంటలు నడవండి. నిద్ర, తిండి మానేసి రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. ఈ ఊళ్లోనే మానసిక వైద్యం చేసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా టీ కొట్టు దగ్గరికి వచ్చినా సరే, ఎవరమో ఒకరం ఉంటాం.

## కుదిరాక

మాకు పెళ్లి కుదిరింది. ఇంక ఇవన్నీ ఎందుకు?

మొన్న మా పాత కుర్రాడు భోజనానికి పిలిచాడు. కగ్గదాసపురలో రెండు గదుల ఇల్లు. పెళ్లయి మూడేళ్లు. తిన్నాక ముగ్గురం బాల్కనీలో కూర్చున్నాం. ఆ అమ్మాయి తన ఆఫీసులో ఏదో గొడవ చెప్పడం మొదలుపెట్టింది. అతనికి అంతకుముందే తెలిసిన గొడవేనని నాకు అర్థమవుతూనే ఉంది. ఫోన్ మోగింది. అతను పేరు చూడకుండానే బోర్లా పెట్టాడు. "ఆ, తర్వాత ఆవిడేమంది?" అన్నాడు. ఆమె కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని మళ్లీ మొదలుపెట్టింది.